ఒకే వేలిపట్టు, రెండు స్వరాలు

వేణువు నేర్చుకునే ప్రతివారికీ ఒక దశలో ఒక సందేహం తప్పకుండా వస్తుంది. సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు అయిపోయి నాలుగు గీతాలు చేతికొచ్చాక గురువుగారు కొత్త రాగం ఎత్తుకుని ‘ఇక్కడ షట్‌శ్రుతి రిషభం’ అంటారు. తీరా వేళ్ళు చూసుకుంటే, నిన్నటిదాకా సాధారణ గాంధారం అని వాయించిన పట్టే అది. రంధ్రం అదే, వేలు అదే, శ్రుతిపెట్టె పక్కన పెట్టి వింటే పలికే స్థానం కూడా అదే. మరి పేరెందుకు మారింది? పేరు మారినప్పుడు నేను చేయవలసింది ఏమైనా మారుతుందా?

చాలామంది ఈ ప్రశ్నను మింగేస్తారు. శాస్త్రంలో ఏదో లెక్క ఉంటుందిలే, మనకు పాట వస్తే చాలు అనుకుంటారు. నేను మాత్రం ఈ ప్రశ్నను వదలొద్దనే చెబుతాను. వేణువు నేర్చుకోవడంలో ఇంతకంటే మంచి ప్రశ్న మరొకటి లేదు. దీన్ని తేల్చుకున్నవారికి రాగం పట్టుబడుతుంది. తేల్చుకోనివారికి పాటల సంఖ్య పెరుగుతుంది గానీ, ఏ పాట వాయించినా ఒకేలా వినిపిస్తుంది.

ఈ అధ్యాయం ముఖ్యంగా పెద్దయ్యాక వేణువు పట్టినవారి కోసం. చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ ప్రాంతంలో అలాంటివారు చాలామంది ఉంటారు. గ్రూప్స్‌కి చదువుతూ అశోక్‌నగర్ గదుల్లో ఉండేవాళ్ళు, బ్యాంకు ఉద్యోగం నుంచి రిటైరై త్యాగరాయ గానసభలో కచేరీలు వింటూ ‘ఇప్పుడైనా నేర్చుకుందాం’ అనుకున్నవాళ్ళు, పిల్లల్ని రాంకోఠీ సంగీత కళాశాలకు తీసుకెళ్ళి తీసుకొస్తూ తామూ ఒక వేణువు కొనుక్కున్న తల్లులు. పెద్దవాళ్ళకు ఒక బలం ఉంది: కారణం తెలిస్తే ఎంత కష్టమైన సాధనైనా ఓర్పుగా చేస్తారు. అందుకే ముందు కారణం చూద్దాం, తర్వాత సాధన.

కర్ణాటక వేణువుకు ఊదే రంధ్రం కాక ఎనిమిది రంధ్రాలుంటాయి. ఎనిమిదోదాన్ని మామూలుగా వేలితో మూయరు. పెదవికి దగ్గరగా ఉన్నదాన్ని ఒకటిగా లెక్కపెట్టండి. మొదటి రెండూ మూస్తే షడ్జం. ఒక్కటే మూస్తే చతుశ్రుతి రిషభం. అన్నీ తెరిస్తే అంతర గాంధారం. అక్కడినుంచి మొదటి ఆరూ మూసి ఊపిరి కాస్త బిగిస్తే శుద్ధ మధ్యమం, ఐదు మూస్తే పంచమం, నాలుగు మూస్తే చతుశ్రుతి ధైవతం, మూడు మూస్తే కైశికి నిషాదం, మళ్ళీ రెండు మూస్తే తారస్థాయి షడ్జం. ఏ రంధ్రాన్నీ సగం మూయకుండా వెదురు తనంతట తాను పలికే మేళం ఇది. 28వ మేళం, హరికాంభోజి.

మిగతా స్థానాలన్నీ సగం మూసిన రంధ్రాల్లోంచి వస్తాయి. ఒకటి మూసి రెండోదాన్ని సగం మూస్తే శుద్ధ రిషభం. మొదటిదాన్నే సగం మూస్తే సాధారణ గాంధారం. ఐదు మూసి ఆరోది సగం మూస్తే ప్రతి మధ్యమం. నాలుగు మూసి ఐదోది సగం మూస్తే శుద్ధ ధైవతం. రెండు మూసి మూడోది సగం మూస్తే కాకలి నిషాదం. గాత్రంలో తొలిపాఠమైన మాయామాళవగౌళ వేణువు మీద ఎందుకంత సతాయిస్తుందో ఇప్పుడు అర్థమవుతుంది. అందులో శుద్ధ రిషభం, శుద్ధ ధైవతం, కాకలి నిషాదం మూడూ సగం రంధ్రాలే. మొదటి నెలలో అవి అపశ్రుతి పలికితే బెంగపడకండి. అది మీ చెవి లోపం కాదు, వెదురు స్వభావం.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. స్థాయిలో ఉన్నవి పన్నెండు స్థానాలు, వాటికున్న పేర్లు పదహారు. అంటే నాలుగు స్థానాలకు రెండేసి పేర్లు. ఒక రంధ్రం మూసిన పట్టు చతుశ్రుతి రిషభమూ అవుతుంది, శుద్ధ గాంధారమూ అవుతుంది. మొదటి రంధ్రం సగం మూసిన పట్టు సాధారణ గాంధారం, షట్‌శ్రుతి రిషభం రెండూను. నాలుగు మూస్తే చతుశ్రుతి ధైవతం లేదా శుద్ధ నిషాదం. మూడు మూస్తే కైశికి నిషాదం లేదా షట్‌శ్రుతి ధైవతం. వీటిలో సగం రంధ్రం పట్టు ఒక్కటే, మిగతా మూడూ నిండు పట్లు. కాబట్టి మీ వేళ్ళు కొత్తగా నేర్చుకోవలసిన పట్టు ఒక్కటీ లేదు.

ఈ రెండేసి పేర్లు ఎవరో సరదాకు పెట్టినవి కావు. మేళమంటే సంపూర్ణం. స రి గ మ ప ద ని, ఏడు పేర్లూ ఒక్కొక్కసారి రావాలి, ఏదీ రెండుసార్లు రాకూడదు, ఏదీ మానకూడదు. ఒక రాగంలో షడ్జం తర్వాత వరసగా రెండు మెట్లు ఎక్కి, అక్కడినుంచి నేరుగా మధ్యమానికి దూకారనుకోండి. ఆ రెండింటినీ రిషభాలే అంటే గాంధారం ఖాళీగా ఉండిపోతుంది. అందుకని రెండో మెట్టును శుద్ధ గాంధారం అంటారు. దీనికి ఎదురుగా, షడ్జం నుంచి రెండు మెట్లు వదిలేసి సాధారణ గాంధార స్థానాన్నీ, దాని పక్కనే అంతర గాంధారాన్నీ తీసుకుంటే అప్పుడు రిషభం ఖాళీ. కాబట్టి మొదటిది షట్‌శ్రుతి రిషభమై ఆ ఖాళీ నింపుతుంది.

దీని ఫలితం చూడండి. ఈ రెండో పేర్లు లేకపోతే రిషభ గాంధారాలు నాలుగు రకాలుగా, ధైవత నిషాదాలు నాలుగు రకాలుగా, మధ్యమం రెండు రకాలుగా కలుస్తాయి. మొత్తం 32 మేళాలు. రెండో పేర్లు చేర్చగానే నాలుగు ఆరవుతుంది: ఆరు ఆర్లు ముప్పై ఆరు, రెండు మధ్యమాలకు 72. వేంకటమఖి ‘చతుర్దండి ప్రకాశిక’లో చూపిన లెక్క ఇదే. కొత్తగా వచ్చిచేరిన ఆ 40 మేళాలనే వివాది మేళాలు అంటారు. కనకాంగి నుంచి మొదలయ్యే ఇందుచక్రమంతా, చలనాటతో ముగిసే ఋతుచక్రమంతా అవే. మంగళంపల్లి బాలమురళీకృష్ణ 72 మేళాలలోనూ కీర్తనలు కట్టారు. వివాది మేళమంటే ఏమిటో చెవికి తెలియాలంటే వాటిలో ఇందుచక్రపు ఆరింటిని ఒక వారం పాటు వినండి. ఏ పుస్తకం వివరించిన దానికంటే బాగా తెలుస్తుంది.

పోటీ పరీక్షలకు చదివేవారు ఈ స్థానాల, పేర్ల పట్టికను ఒక్క పూటలో బట్టీపడతారు. సిటీ సెంట్రల్ లైబ్రరీలో పొద్దుటినుంచి రాత్రిదాకా కూర్చుని రాజ్యాంగ అధికరణలు గుర్తుపెట్టుకునేవారికి పదహారు పేర్లు ఒక లెక్కా? అయితే ఇక్కడ జాగ్రత్తపడాలి. పట్టిక వచ్చినంత మాత్రాన స్వరం రాదు. పట్టిక చెప్పేది ఏ రంధ్రం మూయాలో మాత్రమే. స్వరం అంటే ఎక్కడినుంచి వచ్చావు, ఎక్కడికి వెళ్తున్నావు అన్నది. చిక్కడపల్లి మెట్రో స్టేషన్ ఒకటే, కానీ జేబీఎస్ వెళ్ళే రైలెక్కినవారికి తర్వాత వచ్చేది ఆర్టీసీ క్రాస్‌రోడ్స్, ఎంజీబీఎస్ వెళ్ళే రైలెక్కినవారికి నారాయణగూడ. వేణువు మీద పట్టు కూడా అలాంటి మజిలీ. దాని పేరును నిర్ణయించేది ప్రయాణం.

ఈ మాట రుజువు చేసుకోవడానికి మనకు దొరికిన గొప్ప పాఠ్యపుస్తకం త్యాగరాజస్వామి ఘనరాగ పంచరత్నాలు. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ. పుష్య బహుళ పంచమి ఆరాధనకు ఊరూరా గోష్ఠిగానంగా పాడే ఈ అయిదింటిలో రిషభ గాంధారాల జంటలు రెండూ ఉన్నాయి. నాటలో షట్‌శ్రుతి రిషభం, శ్రీరాగంలో సాధారణ గాంధారం: రెంటికీ మొదటి రంధ్రం సగం. ఆరభిలో చతుశ్రుతి రిషభం, వరాళిలో శుద్ధ గాంధారం: రెంటికీ ఒక రంధ్రం. త్యాగరాజు ఈ జంటలను మన వేళ్ళ కోసమే ఏరి పెట్టారేమో అనిపిస్తుంది నాకు.

మొదటి జంటను వేళ్ళ దగ్గర నిలబడి చూద్దాం. వేణువును కుడివైపుకు పట్టుకునేవారికి మొదటి రంధ్రం మీద ఎడమచేతి చూపుడువేలు, రెండోదాని మీద నడిమివేలు ఉంటాయి. నాటలో స రి గ మ అని ఎక్కండి. షడ్జంలో రెండు వేళ్ళూ కింద ఉన్నాయి. రిషభానికి నడిమివేలు పూర్తిగా లేవాలి, అదే క్షణంలో చూపుడువేలు సగం జరగాలి. రెండు పనులు ఒక్కసారిగా. వెంటనే చూపుడువేలు పూర్తిగా లేచి గాంధారం. అంటే ఆ వేలు లేచే దారిలో ఉంది. సగం దగ్గర ఆగినా దాని చూపు పైకే. నాట రిషభానికి గాంధారం వైపు ఒరిగే గుణం ఉన్నదంటే వేలిలో దానికి రూపం ఇదే. దిగేటప్పుడు నాటలో గాంధారం లేదు. మ రి స. ఆరు రంధ్రాలు మూసిన మధ్యమం నుంచి అయిదు వేళ్ళు లేచి, చూపుడువేలు ఒక్కటే సగంలో నిలవాలి. పెద్ద దూకు. ఊపిరి కూడా పై నుంచి కిందికి దిగాలి. ఈ దూకులో రిషభం బరువుగా, ఠీవిగా పడుతుంది.

ఇప్పుడు శ్రీరాగం. ఆరోహణలో గాంధారమే లేదు. అవరోహణలో మ రి గ రి స అని రెండు రిషభాల నడుమ మాత్రమే వస్తుంది. మధ్యమం నుంచి రిషభానికి వచ్చేసరికి చూపుడువేలు మొదటి రంధ్రాన్ని పూర్తిగా మూసి కూర్చుంది. గాంధారానికి అది కొద్దిగా పక్కకు ఒరుగుతుంది, వెంటనే తిరిగి మూస్తుంది. మిగతా వేళ్ళేవీ కదలవు. వేలు గాలిలోకి లేవనే లేవదు. రిషభం ఒడిలో గాంధారం అలా మెరిసి మాయమవుతుంది. నాట రిషభంలాగా దీన్ని నిలబెట్టి, పైకి ఒరిగించి వాయించారా, శ్రీరాగం కాస్తా మరేదో అయిపోతుంది. శ్రుతి మీటరు మీద చూస్తే రెండూ ఒకే స్థానం. చూపుడువేలి ప్రవర్తనలో మాత్రం ఒకదానికీ ఇంకొకదానికీ పోలికే లేదు.

రెండో జంట ఇంకా ముచ్చటైనది. ఆరభిలో స రి మ అని ఎక్కుతూ నడిమివేలు లేపితే చతుశ్రుతి రిషభం, అక్కడినుంచి అయిదు వేళ్ళూ పడి మధ్యమం. దిగేటప్పుడు గ రి స: తెరిచిన వేణువు మీద చూపుడువేలు పడుతుంది, తర్వాత నడిమివేలు పడుతుంది. మెట్లు దిగినట్టు నిశ్చింతగా ఉంటుంది. వరాళిలో అలా కాదు. స గ రి గ. షడ్జం నుంచి గాంధారానికి నడిమివేలు లేస్తుంది, శుద్ధ రిషభానికి అదే వేలు సగం దిగుతుంది, మళ్ళీ లేస్తుంది. ఈ ప్రయోగమంతటిలో చూపుడువేలు కదలదు. రిషభ గాంధారాలు రెండూ ఒకే ఒక్క నడిమివేలి కింద, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఉంటాయి. వరాళిలోని ఆర్తి అక్కడే పుడుతుంది. పైగా వరాళి మధ్యమం మామూలు ప్రతి మధ్యమం కంటే హెచ్చుగా, పంచమానికి చేరువగా పలకాలి. ఆరో రంధ్రాన్ని సగం కన్నా ఇంకొంచెం తక్కువ మూయాలి. ఎంత అన్నది చెవి చెబుతుంది, పుస్తకం చెప్పలేదు.

వరాళిని గురువు శిష్యుడికి నేరుగా పాఠం చెబితే ఇద్దరికీ పొసగదని పాతకాలపు నమ్మకం ఒకటుంది. ఆ నమ్మకాన్ని పట్టించుకునే గురువుల దగ్గర చేరినవారు గోష్ఠిలో పదిమందితో కూర్చుని విని పట్టుకుంటారు. నమ్మకం మాట అటుంచితే, వరాళిని వినికిడితో నేర్చుకోవడమే మేలని నా ఉద్దేశం. చూపుడువేలు కదలకూడదన్న సంగతి నోటేషన్‌లో కనబడదు. ఎదురుగా కూర్చుని చూస్తే కనబడుతుంది.

ఈ జంటపేర్ల వ్యవహారం మనకొక్కరికే ఉందనుకోకండి. పాశ్చాత్య ఫ్లూటులోనూ ఇదే కథ. 18వ శతాబ్దంలో ప్రష్యా రాజు ఫ్రెడరిక్‌కు ఫ్లూటు నేర్పిన క్వాంట్జ్, 1752లో బెర్లిన్‌లో అచ్చయిన తన పుస్తకంలో డి షార్ప్ వేరు, ఇ ఫ్లాట్ వేరు అని వాదించాడు. ఇ ఫ్లాట్ కాస్త హెచ్చుగా పలకాలని తన ఫ్లూటుకు ఆ రెండు స్వరాలకూ రెండు వేర్వేరు మీటలు పెట్టించుకున్నాడు. తర్వాతి కాలంలో పన్నెండు స్థానాలనూ సమానంగా పంచేయడంతో ఆ తేడా చెరిగిపోయింది. తేడా శ్రుతిలో చెరిగినా వేళ్ళలో చెరగలేదు. థియోబాల్డ్ బోహ్మ్ 1847లో మ్యూనిక్‌లో తయారుచేసిన ఫ్లూటే నేటి ఫ్లూటుకు మూలం. త్యాగరాజస్వామి సిద్ధిపొందిన సంవత్సరం కూడా అదే, 1847. నేటి ఫ్లూటు మీద బి ఫ్లాట్‌కు ఎడమ బొటనవేలితో ఒక పట్టు, కుడి చూపుడువేలు కలిపి ఇంకొక పట్టు ఉన్నాయి. బి ఫ్లాట్ నిలకడగా ఉండే స్కేలులో వాయించేవారు బొటనవేలిని ఆ మీట మీదే ఉంచేస్తారు. అదే స్వరం ఎ షార్ప్ అనే పేరుతో వచ్చిందంటే పక్కనే బి కాచుకుని ఉందని అర్థం. బొటనవేలు అటూ ఇటూ జారే తీరిక ఉండదు కాబట్టి కుడి చూపుడువేలి పట్టు వాడతారు. పేరు చూసి పట్టు ఎంచుకుంటారు. పెళ్ళి బ్యాండులో వినిపించే క్లారినెట్‌కూ ఇంతే. ఎఫ్ నుంచి ఎఫ్ షార్ప్‌కు వెళ్ళే పట్టు వేరు, ఇ నుంచి వెళ్ళే పట్టు వేరు.

వాళ్ళకు ఒకే స్వరానికి రెండు పట్లు. మనకు ఒకే పట్టుకు రెండు స్వరాలు. రెండు చోట్లా ప్రశ్న ఒకటే: ముందేముంది, వెనకేముంది?

నాదస్వరం దగ్గరకు వస్తే ఈ సంగతి మరింత స్పష్టంగా తెలుస్తుంది. దానికి వేళ్ళతో వాయించే రంధ్రాలు ఏడే. సగం స్థానాలను వేలి ఒరుపుతో పాటు పెదవి ఒత్తిడితో, ఊపిరి బిగువుతో సాధిస్తారు. ఒంగోలు దగ్గరి కరవదిలో పుట్టి శ్రీరంగంలో స్థిరపడ్డ షేక్ చిన మౌలానా (1924–1999) నాదస్వరం రికార్డింగులు వినండి. ఒక స్వరం ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో గీత గీసి చూపలేరు. వేణువు మీద ఆ గాత్రధర్మాన్ని తెచ్చి చూపినవారు టి.ఆర్. మహాలింగం (1926–1986), అందరూ మాలి అని పిలుచుకున్నవారు. ఆయన వేలిపట్టునే మార్చుకున్నారు, గమకం పలకాలని.

ఇక హైదరాబాదులో ఉండేవారికి అదనంగా ఒక చిక్కు ఉంది. కర్ణాటక, హిందుస్థానీ రెండూ ఉన్న ఊరు ఇది. కొట్లో దొరికేది చాలావరకు ఆరు రంధ్రాల బాన్సురి. బాన్సురిలో మూడు రంధ్రాలు మూస్తే షడ్జం, మన వేణువులో రెండు. అంటే ఒకే వెదురుబొంగును ఇద్దరు పట్టుకుంటే షడ్జం ఒక పూర్తి స్వరం ఎడంగా పడుతుంది. కొట్టువాడు బొంగు మీద ‘ఇ’ అని రాసిస్తాడు. అది మూడు రంధ్రాల లెక్క. మీరు రెండు రంధ్రాలు మూసి స అన్నారంటే అది ఎఫ్ షార్ప్, మన లెక్కలో నాలుగున్నర శ్రుతి. కీబోర్డు వాయించే మిత్రుడు దాన్నే జి ఫ్లాట్ అంటే కంగారుపడకండి, మీటా అదే, శ్రుతీ అదే. వేణువు కొనేటప్పుడు ‘ఏ స్కేలు?’ అని అడిగి ఊరుకోకుండా ‘ఎన్ని రంధ్రాలు మూస్తే ఆ స్కేలు?’ అని అడగండి. ఎనిమిది రంధ్రాల కర్ణాటక వేణువే కావాలని గట్టిగా చెప్పండి. బాన్సురి మీద మొదలుపెట్టి తర్వాత మారినవారికి షడ్జాన్ని మళ్ళీ వెతుక్కోవలసి వస్తుంది.

ఇప్పుడు సాధన. అశోక్‌నగర్‌లో ముగ్గురు నలుగురు కలిసి ఉండే గదిలో వేణువు ఊదడం కుదరదు. పక్కవాడికి రేపు పరీక్ష ఉంటుంది. అందుకని నేను చెప్పే సాధనలో సగం ఊదకుండా చేసేదే, దానివల్ల లాభం కూడా ఎక్కువ. వేణువు పెదవికి ఆనించకుండా పట్టుకుని స్వరాన్ని లోగొంతుకతో పాడుతూ వేళ్ళు కదపండి. నాటలో రి అంటూ చూపుడువేలు సగం. శ్రీలో గ అంటూ చూపుడువేలు సగం. నోటితో పేరు పలకడం మానకండి. ఊదేటప్పుడు నోరు వేణువు దగ్గర ఉంటుంది కాబట్టి పేరు పలకలేం, పేరు పలకకపోతే వేళ్ళు మాత్రమే నేర్చుకుంటాయి. ఊదకుండా చేసే సాధనలో పేరు, వేలు, గొంతు మూడూ ఒక్కటవుతాయి.

రోజుకు ఇరవై నిమిషాలు చాలు. మొదటి పది ఇలా ఊదకుండా. మిగతా పది తెల్లవారగానే మేడమీద, శ్రుతిపెట్టెతో లేదా ఫోన్లో తంబూరా పెట్టుకుని. మొదటివారం నాట మాత్రమే: స రి గ మ, మ రి స. నెమ్మదిగా, ఒక్కో స్వరం మీద పూర్తి ఊపిరి నిలిచేంతసేపు. రెండోవారం శ్రీ మాత్రమే: స రి మ, మ రి గ రి స. మూడోవారం నుంచి రెండూ మార్చి మార్చి. నాట ఒకసారి, శ్రీ ఒకసారి, మధ్యలో షడ్జం మీద నాలుగు అక్షరాల విశ్రాంతి. ఈ విశ్రాంతిలోనే మనసు రాగం మార్చుకోవాలి. వేళ్ళు మారవు, అవి అలాగే ఉంటాయి. మారేది తర్వాత ఏం రాబోతోందన్న మీ ఎదురుచూపు. మొదట్లో నాట వాయించగానే శ్రీ గాంధారం కూడా పైకి ఒరుగుతుంది. రెండు మూడు వారాల్లో సర్దుకుంటుంది.

సగం రంధ్రానికి వేలిని ఎత్తొద్దు, దొర్లించండి. వేలి కొస మెత్తటి భాగం రంధ్రం అంచు మీదుగా మీవైపుకు ఒరగాలి. ఎత్తితే ప్రతిసారీ వేరే ఎత్తులో ఆగుతుంది, దొర్లిస్తే చర్మానికి ఆ అంచు గుర్తుంటుంది. సాధనకు ముందు గోళ్ళు తీసుకోండి. ఊదే రంధ్రంలో ఒకటి రెండు నిమిషాలు ఊది లోపలి గాలి వెచ్చబడ్డాకే శ్రుతి చూసుకోండి. చల్లగా ఉన్నప్పుడు శ్రుతి తగ్గుతుంది, ఆ తగ్గుదలను సరిచేయాలని సగం రంధ్రాన్ని ఇంకా తెరుస్తారు, ఆ పొరపాటు చేతికి అలవాటైపోతుంది.

వారానికొకసారి ఫోన్లో రికార్డు చేసుకోండి. రికార్డు చేసిన వెంటనే వినకండి, మర్నాడు వినండి. నాట ముక్క ఏది, శ్రీ ముక్క ఏది అన్నది సంగీతం తెలిసిన ఒకరికి వినిపించి అడగండి. ఒక్క రి లేదా గ దగ్గరే వారు గుర్తుపట్టగలిగితే మీరు రెండో జంటకు, అంటే ఆరభి వరాళులకు వెళ్ళవచ్చు. గుర్తుపట్టలేకపోతే ఇంకొక వారం. తొందరేం లేదు.

ఆ తర్వాత ధైవత నిషాదాల జంటలు మిగిలుంటాయి. నాలుగు మూసిన పట్టు మీద శుద్ధ నిషాదం, మూడు మూసిన పట్టు మీద షట్‌శ్రుతి ధైవతం. వీటిని పంచమం మీద ఊపిరి స్థిరపడ్డాకే ఎత్తుకోండి. ఇవి రెండో స్థాయి ఊపిరిలో వస్తాయి కాబట్టి అక్కడ వేలి కన్నా గాలి ఎక్కువ మోసం చేస్తుంది. కనకాంగిలో ప ద ని స ఎక్కేటప్పుడు కుడిచేతి వేళ్ళ పనిని, ఇంతకుముందు వరాళిలో రి గ దగ్గర ఎడమ నడిమివేలు చేసిన పనితో పోల్చి చూసుకోండి. రంధ్రాలు వేరు, నడక ఒకటే. అది చేతికొచ్చాక వాగధీశ్వరిలో త్యాగరాజకీర్తన ‘పరమాత్ముడు వెలిగే’ పాఠం చెప్పమని మీ గురువుగారిని అడగండి. అందులో షట్‌శ్రుతి రిషభమూ, కైశికి నిషాదమూ కూడా ఉన్నాయి. ఒకటి రెండో పేరుతో, ఒకటి మొదటి పేరుతో.